హుమాయూన్ సమాధి తీరిగ్గా చూడ్డం ఎలా: టికెట్ దగ్గర్నుంచి గుమ్మటం లోపలి దాకా

ఢిల్లీ టూర్ అనగానే మనవాళ్ళ లిస్టు దాదాపు ఒకటే, ఎర్రకోట, కుతుబ్ మినార్, ఇండియా గేట్, ఒక రోజు ఆగ్రా, టైముంటే కరోల్ బాగ్‌లో షాపింగ్. హుమాయూన్ సమాధి ఆ లిస్టులో ఉన్నా చివర్లో ఉంటుంది, డ్రైవర్ "అరగంటలో వచ్చెయ్యండి సార్" అంటాడు, మనం దిగి గేటులోంచి ఒక ఫోటో, పైకెక్కి ఇంకో ఫోటో తీసుకుని మళ్ళీ కారెక్కేస్తాం. నన్నడిగితే దీనికి కనీసం మూడు గంటలివ్వాలి, అది కూడా ఆగ్రా వెళ్ళేముందే. ఎందుకంటే తాజ్‌మహల్లో మనం నోరెళ్ళబెట్టి చూసేవాటిలో చాలావరకు, నాలుగు భాగాల తోట, ఎత్తు అరుగు, పెద్ద కమాను, రెండు పొరల గుమ్మటం, మధ్య గది చుట్టూ ఎనిమిది గదుల ప్లాను, ఇవన్నీ తాజ్‌కి 60 ఏళ్ళ ముందే ఇక్కడ కలిపి కట్టి చూపించారు. పైగా తాజ్‌లో వెనకనుంచి తోస్తుంటారు, ఇక్కడ ఒక మూల నిలబడి ఏది ఎందుకు అలా కట్టారో చూసుకునేంత ఖాళీ ఉంటుంది.

ఇక్కడ ఏ వరసలో చూశామన్నది చాలా ముఖ్యం. నేరుగా పెద్ద సమాధి దగ్గరికి పరిగెత్తితే సగం పోయినట్టే. కింద ఏ వరసలో చెప్తున్నానో ఆ వరసలోనే చూడమంటాను.

స్టెప్ 1: ఎప్పుడు వెళ్ళాలి

రోజూ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచే ఉంటుంది. తాజ్‌మహల్ శుక్రవారం మూసేస్తారు కదా, ప్లాన్ వేస్కునేటప్పుడు ఆ శుక్రవారం ఇక్కడ పెట్టుకుంటే రోజు వేస్టవదు.

నెలల విషయానికొస్తే ఫిబ్రవరి, మార్చి బెస్ట్, అక్టోబర్ కూడా పర్లేదు. నవంబర్ నుంచి జనవరి దాకా చల్లగా ఉంటుంది గాని పొగమంచూ పొల్యూషనూ కలిసి కొన్ని రోజులు గుమ్మటమే సరిగ్గా కనబడదు. మే, జూన్‌లో రాతి అరుగు మీద మధ్యాహ్నం నిలబడ్డం మన రామగుండం ఎండ తిన్నవాళ్ళకి కూడా కష్టమే, పైన నీడ ఇచ్చే చెట్టు ఒక్కటి ఉండదు.

ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. ఇప్పుడు మనం లోపలికెళ్ళేది పడమటి గేటు నుంచి, అంటే గేటులోంచి చూసినప్పుడు ఎదురుగా కనపడేది సమాధి పడమటి ముఖం. పొద్దున్నే వెళ్తే సూర్యుడు దాని వెనకుంటాడు, మీ ఫోటోలో అది నల్లగా పడుతుంది. పడమటి ముఖం మీద ఎండ పడేది మధ్యాహ్నం మూడు దాటాకే, అప్పుడు ఆ ఎర్రరాయి రంగే మారిపోతుంది. అదే జనం తక్కువ ఉండాలి, ప్రశాంతంగా తిరగాలి అనుకుంటే మాత్రం పొద్దున గేటు తీసే టైముకే వెళ్ళండి, అప్పుడు తూర్పు వైపుకి తిరిగొచ్చి ఫోటో తీస్కోవచ్చు, అక్కడ టూరిస్టులు దాదాపు ఉండరు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం ముఖానికి చాలాసేపు వెలుగుంటుంది.

స్టెప్ 2: ఎలా చేరాలి, టికెట్ ఎలా

రైల్లో వచ్చేవాళ్ళకి ఇది మరీ ఈజీ. హైదరాబాద్ నుంచి దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, వైజాగ్ నుంచి సమతా ఎక్స్‌ప్రెస్ ఆఖరికి ఆగేది హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌లోనే, ఆ స్టేషన్ ఈ సమాధికి దాదాపు వెనక వైపే ఉంటుంది, ఆటోలో కాసేపటి పని. మెట్రో అయితే వయొలెట్ లైన్‌లో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దిగి ఆటో పట్టుకోవచ్చు, పింక్ లైన్‌లో నిజాముద్దీన్ స్టేషన్ పక్కనే ఇంకో స్టాప్ కూడా ఉంది.

గేటుకి దగ్గర్లో మథురా రోడ్డు మీద రౌండ్‌అబౌట్ మధ్యలో నీలం టైల్స్‌తో మెరిసిపోతూ ఒక చిన్న సమాధి కనిపిస్తుంది, అది సబ్జ్ బుర్జ్. చాలామంది దాన్నే నీలా గుంబద్ అనుకుంటారు, కాదు, నీలా గుంబద్ వేరే, అది సమాధి తూర్పు గోడ అవతల ఉంది. ఆటోవాడికి చెప్పేటప్పుడు ఈ రెండూ కలపకండి.

టికెట్ మనవాళ్ళకి కౌంటర్లో 40 రూపాయలు, ఆన్‌లైన్లో ఒక ఐదు రూపాయలు తక్కువ, 15 ఏళ్ళలోపు పిల్లలకి ఫ్రీ. విదేశీయులకి 600. రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్ళేముందు ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) టికెట్ సైట్లో ఒకసారి చూస్కోండి. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన మన బంధువులకి ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చేది) ఉంటే ఇండియన్ రేటే వర్తిస్తుంది, కాకపోతే కార్డు హోటల్లో వదిలేసి వచ్చి కౌంటర్ దగ్గర వాదిస్తే లాభం లేదు, చేతిలో ఉండాలి. ట్రైపాడ్‌కి ముందే పర్మిషన్ కావాలి, ఊరికే తీస్కెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. మంచినీళ్ళ బాటిల్ ఉంచుకోండి, టిఫిన్ బాక్సులు తెరిచే చోటు మాత్రం కాదిది.

2024లో గేటుకి దగ్గర్లోనే భూమి లోపలికి కట్టిన కొత్త మ్యూజియం తెరిచారు, దానికి టికెట్ వేరే. టైముంటే ముందు అదే చూడండి, మొత్తం కాంప్లెక్స్ మోడల్ ఒకసారి కళ్ళలో పడితే తర్వాత తిరగడం తేలికవుతుంది. టైం లేకపోతే వదిలేయండి, కట్టడం ముఖ్యం.

స్టెప్ 3: లోపలికెళ్ళేముందు ఈ కాస్త కథ తెలిసుండాలి

బాబర్ కొడుకు హుమాయూన్ 1530లో గద్దెనెక్కాడు, పదేళ్ళకే షేర్ షా సూరి చేతిలో ఓడి రాజ్యం పోగొట్టుకుని సింధ్ మీదుగా పర్షియా దాకా పారిపోయాడు, అక్కడి షా తహ్మాస్ప్ దగ్గర తలదాచుకుని, సైన్యం తెచ్చుకుని, 1555లో ఢిల్లీ మళ్ళీ పట్టాడు. పట్టి ఎన్నాళ్ళున్నాడు? ఏడాది కూడా లేడు. 1556 జనవరిలో పురానా ఖిలాలో ఉన్న షేర్ మండల్ అనే రెండంతస్తుల కట్టడం మెట్ల మీంచి పడి చనిపోయాడు, దాన్ని లైబ్రరీగా వాడుకునేవాడు. ముందు అక్కడే పాతిపెట్టారు, సూరి వంశం సేనాపతి హేము ఢిల్లీ మీదకొస్తున్నాడని శవాన్ని పంజాబ్‌లో సిర్హింద్‌కి తరలించారు, ఆ తర్వాతే ఢిల్లీలో ఈ సమాధి.

కట్టించింది ఎవరు? పెద్ద భార్య బేగా బేగం, హజ్ చేసొచ్చింది కాబట్టి హాజీ బేగం అని కూడా అంటారు. 1539లో చౌసా యుద్ధంలో షేర్ షా మనుషులకి చిక్కి తిరిగొచ్చింది కూడా ఈవిడే. 1560లలో పని మొదలైంది, 1570 ప్రాంతంలో పూర్తయింది, అప్పటికి అక్బర్ పాలన. ఆర్కిటెక్ట్ మీరక్ మీర్జా గియాస్, హెరాత్, బుఖారా వైపు పనిచేసొచ్చినవాడు, ఆయన కొడుకు సయ్యద్ ముహమ్మద్ పని ముగించాడు. భార్య కోసం భర్త కట్టిన తాజ్ గురించి లోకమంతా మాట్లాడుతుంది, భర్త కోసం భార్య కట్టించిన ఇది మాత్రం గైడ్లు ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకదే చిరాకు.

చోటు కూడా ఊరికే ఎంచుకోలేదు. 1325లో చనిపోయిన సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా దర్గా ఇక్కడికి దగ్గర్లోనే, ఆయన నీడలో సమాధి ఉంటే పుణ్యమని నమ్మకం, అందుకే ఈ చుట్టుపక్కల ఎటు చూసినా సమాధులే. రెండోది, అప్పట్లో యమున ఈ తోట తూర్పు గోడని ఆనుకుని పారేది. ఇప్పుడు నది దూరం జరిగిపోయింది, ఆ మధ్యలో రైలు పట్టాలున్నాయి.

స్టెప్ 4: ముందు కుడివైపుకి తిరగండి, ఈసా ఖాన్ దగ్గరికి

టికెట్ స్కాన్ చేసి లోపలికి రాగానే అందరూ నేరుగా పోతుంటారు. మీరు కుడివైపు తిరగండి. అక్కడ గోడ లోపల ఎనిమిది మూలల సమాధి ఒకటుంది, ఈసా ఖాన్ నియాజీది, 1547–48 నాటిది, అంటే హుమాయూన్ సమాధి కంటే ఓ ఇరవయ్యేళ్ళు పెద్దది. ఈయన ఎవరో తెలుసా, హుమాయూన్‌ని తరిమేసిన షేర్ షా సూరి కొలువులో పెద్ద సర్దారు. శత్రువు మనిషి సమాధిని ముట్టుకోకుండా దాని పక్కనే చక్రవర్తి సమాధి కట్టుకున్నారు.

ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, మొఘలులకి ముందు ఢిల్లీలో పెద్దవాళ్ళ సమాధి ఎలా ఉండేదో. ఎనిమిది ముఖాలు, ముఖానికి మూడేసి కమానులతో చుట్టూ వరండా, పైన చూరులాగా ముందుకొచ్చిన ఛజ్జా, దాని పైన చిన్న చిన్న చత్రీలు (స్తంభాల మీద నిలబెట్టిన బుల్లి గుమ్మటాలు), మధ్యలో ఒక గుమ్మటం. గుమ్మటం పొట్టిగా, కట్టడం మీద కూర్చున్నట్టుంటుంది, గమనించండి, ఇంకో అరగంటలో చూడబోయే దానికి మెడ ఉంటుంది. లోపలికెళ్ళి తలెత్తి సీలింగ్ మీద రంగుల చక్రం చూడండి, రిపేర్లలో బయటపడింది అది. రంగు టైల్స్ ముక్కలు కూడా కొన్ని పాతవి మిగిలాయి. చుట్టూ తోట నేలమట్టం కన్నా కిందకుంటుంది, వందల ఏళ్ళుగా పేరుకున్న మట్టి తవ్వి తీసేసి మళ్ళీ పాత లెవెల్‌కి తెచ్చారు. చుట్టూ ఉన్న గోడ ఎక్కడానికి మెట్లున్నాయి, పైనుంచి మొత్తం ఎనిమిది మూలలూ కలిసి కనపడతాయి.

పడమట ఆయనదే మసీదు కూడా ఉంది. ఇక్కడ ఒక అరగంట ఇవ్వండి. అస్సలు తొందరపడొద్దు.

స్టెప్ 5: గేట్లు దాటుతూ

తిరిగి దారిలోకొస్తే బూ హలీమా తోట గేటు, కుడివైపు అరబ్ సరాయ్ గేటు వస్తాయి, పనివాళ్ళ కోసం కట్టిన సరాయ్, అంటే బస, అని చెప్తారు. అరబ్ సరాయ్ గేటు పొడుగు, దాని మీదున్న చిన్న చిన్న బాల్కనీలు ఒక నిమిషం చూసి ముందుకెళ్ళండి.

ఆ తర్వాత అసలు పడమటి గేటు. ఇక్కడ జనం గేటు దాటగానే ఫోన్లు తీస్తారు. మీరు గేటు లోపల నీడలోనే ఆగండి, కమాను చట్రంలో సమాధి సరిగ్గా పట్టేలా ముందుకీ వెనక్కీ కాస్త జరగండి. ఆ కాలంలో అసలు పెద్ద ద్వారం దక్షిణం గేటు, ఇది కాదు, అది ఇప్పుడు మూసి ఉంటుంది. కాబట్టి మనం చూస్తున్నది పక్క వైపు నుంచి అనుకోవచ్చు గాని నాలుగు ముఖాలూ దాదాపు ఒకేలా కట్టారు కాబట్టి పోయేదేం లేదు. పైగా ఆ నాలుగు ముఖాలు ఒకేలా ఉండడమే ఇక్కడి డిజైన్ అసలు లెక్క, నదివైపొక ముఖం, ఊరివైపొక ముఖం అని తేడా లేదు.

స్టెప్ 6: తోట కూడా కట్టడమే

ఇండియాలో ఇంత పెద్ద తోట మధ్యలో కట్టిన మొదటి చక్రవర్తి సమాధి ఇదే. పద్ధతి పేరు చార్‌బాగ్, మధ్యలో కలిసే దారులూ కాలవలూ తోటని నాలుగు చేస్తాయి, ఒక్కోదాన్ని మళ్ళీ చిన్న చిన్న దారులతో విడగొడితే మొత్తం 36 చదరాలు. ఖురాన్‌లో స్వర్గం అంటే కింద నదులు పారే తోట, దాన్నే ఇక్కడ గీత గీసి చూపించారన్నమాట.

కాలవలు చూడండి, చాలా సన్నగా ఉంటాయి, మన పొలం కాలవల్లో సగం కూడా ఉండవు. రిపేరు చేసేటప్పుడు ఎలా వేశారంటే 40 మీటర్లకి ఒక్క సెంటీమీటరు వాలు. పంపు తోయకుండా నీళ్ళు వాటంతటవే పారాలని. 1997 నుంచి 2003 దాకా ఆగా ఖాన్ ట్రస్టు, ఏఎస్ఐ కలిసి చేసిన పని ఇది. దానికి ముందు ఈ తోట ఎన్ని అవతారాలెత్తిందో, మొఘలుల పరిస్థితి చితికిపోయాక ఇక్కడ కూరగాయలూ పొగాకూ వేశారు, 1860లలో బ్రిటిష్‌వాళ్ళు చదరపు నీటి గుంటలు తీసేసి గుండ్రటి పూల మడులు వేశారు ఇంగ్లీష్ పార్కులాగా, 1947లో దేశ విభజనప్పుడు ఇదీ పురానా ఖిలా కూడా శరణార్థుల క్యాంపులు. అందుకే ఇప్పుడున్న తోట పాతదే అనుకోకండి, పాత గీతల మీద మళ్ళీ గీసింది.

దారి మధ్యలో నడవకుండా ఒకసారి పక్క గడ్డిలోకి, వంకరగా మూల వైపుకి వెళ్ళి చూడండి. సమాధి మూలలు చదరంగా ఉండవు, చెక్కేసి ఉంటాయి, అందుకే మూలనుంచి చూసినా పలచగా కనపడకుండా నిండుగా ఉంటుంది. ఎదురుగా నిలబడితే ఈ విషయం తెలీదు.

స్టెప్ 7: అరుగు ఎక్కేముందు, ఎక్కాక

అరుగు దాదాపు 7 మీటర్ల ఎత్తు, ఒక్కో వైపు 90 మీటర్ల పైన. చుట్టూతా కమానులు, వాటి వెనక గదులు, ఆ గదుల్లోనూ సమాధులున్నాయి. ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి, ఒక్కో మెట్టు ఎత్తెక్కువ, పట్టుకోడానికి ఏమీ దొరకదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీస్కెళ్తే ఇక్కడే కింద నీడలో కూర్చోబెట్టండి, మొహమాటానికి ఎక్కించి దిగేటప్పుడు ఇబ్బంది పడేకన్నా తోటలో బెంచీ మేలు. దిగేటప్పుడు అందరూ పక్కకి తిరిగి దిగుతారు, మీరూ అదే చెయ్యండి.

పైకెక్కగానే లోపలికి దూరిపోకుండా ముందు అరుగు చుట్టూ ఒక రౌండు వెయ్యండి. అరుగు మీద అక్కడక్కడా పేర్లు లేని సమాధులు, చిన్నవీ పెద్దవీ. తూర్పు వైపు నిలబడితే నది ఎక్కడుండాలో అక్కడ రైళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

స్టెప్ 8: ముఖం ఎలా చూడాలి

కింద నుంచి పైకి చూస్కుంటూ వెళ్ళండి. రెండే రంగులు కళ్ళకి కొడతాయి, ఎర్ర ఇసుకరాయి, తెల్ల పాలరాయి. పాలరాయితో గోడంతా కప్పెయ్యలేదు, కమాను అంచుకి, చట్రాలకి గీత గీసినట్టు వాడారు. షాజహాన్ కాలానికి వచ్చేసరికి అదే పాలరాయి మొత్తం మింగేసింది, అక్బర్ కాలంలో ఎర్రరాయిదే పెత్తనం, నాకైతే ఈ లెక్కే నచ్చుతుంది, గీత ఉంటేనే కదా ఆకారం తెలిసేది.

మధ్యలో ఎత్తుగా లోపలికి గూడులా ఉన్న పెద్ద కమాను, దాన్ని ఇవాన్ అంటారు, ఇది పర్షియా, మధ్య ఆసియా నుంచి వచ్చింది. దాని భుజాల మీద ఆరు కోణాల నక్షత్రాలు కనిపిస్తాయి. పైన గుమ్మటం పక్కన ఉన్న చత్రీలు మాత్రం మన దేశపువి, ఈసా ఖాన్ దగ్గర చూశారు కదా, అవే. ఆ చత్రీల మీద పూర్వం రంగు టైల్స్ ఉండేవి, రిపేర్లలో ఉజ్బెకిస్తాన్ నుంచి పనివాళ్ళని రప్పించి మన కుర్రాళ్ళకి ఆ టైల్ పని నేర్పించి మళ్ళీ వేయించారు. కప్పు మీదున్న గదుల్లో ఒకప్పుడు మదరసా నడిచేదని చెప్తారు.

ఇక గుమ్మటం. కింద ఒక మెడ, దాని మీద తెల్ల పాలరాయి తొడిగిన గుమ్మటం, మొత్తం ఎత్తు 47 మీటర్లు. అసలు విషయం బయటికి కనపడదు, గుమ్మటాలు రెండు. ఎందుకు? బయట ఊరంతటికీ దూరం నుంచి కనపడాలంటే ఎత్తుగా ఉండాలి, లోపల గది సీలింగ్ అంతెత్తులో ఉంటే గదికి గుమ్మటానికి సంబంధం లేకుండా పోతుంది. అందుకని చిన్న గిన్నె బోర్లించి దాని మీద గాలి ఆడేలా పెద్ద గిన్నె బోర్లించినట్టు రెండు పొరలు కట్టారు, లోపలి పొర గదికి, బయటి పొర ఊరికి. మధ్యలో ఖాళీయే. ఇది ఇండియాలో ఇక్కడే మొదలని కొందరు చెప్తారు, అది తప్పు, ఇందాక రౌండ్‌అబౌట్‌లో చూసిన సబ్జ్ బుర్జ్‌కీ, లోధీ గార్డెన్స్‌లో సికందర్ లోధీ సమాధికీ కూడా రెండు పొరల గుమ్మటాలే. ఐతే ఇంత సైజులో, ఇంత ధైర్యంగా చేసింది మాత్రం ఇక్కడే.

గుమ్మటం కొసనున్న శిఖరం 2014 మే నెల గాలివానకి విరిగి పడింది, 2016లో సాల్ కర్ర మీద రాగి తొడిగి బంగారు పూత వేసి కొత్తది నిలబెట్టారు. ఇంకోటి, కప్పు మీద 20వ శతాబ్దంలో వానకి కారకుండా ఉండాలని పొర మీద పొర సిమెంటు కాంక్రీటు వేసుకుంటూ పోయారు, రిపేర్లలో తీస్తే పది లక్షల కిలోల పైన వచ్చింది. అంత బరువు మోస్తూ నిలబడింది ఈ కట్టడం! సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది, సిమెంటు తేమని లోపలే బంధిస్తుంది, అందుకే ఇప్పుడు మళ్ళీ సున్నానికే వచ్చారు. మన హైదరాబాద్‌లో ఇబ్రహీంబాగ్ కుతుబ్ షాహీ సమాధుల దగ్గర కూడా ఇదే ట్రస్టు 2013 నుంచి ఇదే సున్నం పద్ధతిలో పని చేసింది, అక్కడ చూసినవాళ్ళకి గోడ తేడా వెంటనే తెలుస్తుంది.

స్టెప్ 9: లోపల

ప్రవేశం దక్షిణం వైపు నుంచి. లోపలికెళ్ళగానే చీకటిగా ఉంటుంది, కళ్ళు సర్దుకునేదాకా రెండు నిమిషాలు ఆగండి, సెల్ఫీ ఫ్లాష్ కొట్టకండి.

మధ్య గదిలో తెల్ల పాలరాతి సమాధి ఒకటే, చాలా సాదాగా ఉంటుంది, పేరు కూడా చెక్కలేదు. ఇది అసలు సమాధి కాదు, గుర్తు మాత్రమే. హుమాయూన్ శరీరం ఉన్నది సరిగ్గా దీని కింద, భూమి లోపల గదిలో, అక్కడికి వెళ్ళనివ్వరు. తల ఉత్తరానికి, ముఖం పడమరకి తిప్పి పెడతారు, మన దగ్గర్నుంచి మక్కా అటే కాబట్టి. ఇప్పుడు పడమటి జాలీ చూడండి, రాతి వల మధ్యలో మిహ్రాబ్ ఆకారం గీసి ఉంటుంది. మామూలుగా మిహ్రాబ్ అంటే మసీదులో మక్కా దిక్కు చూపించే, గోడలో మూసిన గూడు, ఖురాన్ వాక్యాలు చెక్కుతారు, ఇక్కడ వాక్యాలు లేవు, వెలుగు లోపలికొస్తుంది, అంతే. మొత్తం కట్టడంలో నాకు బాగా నచ్చిన చోటు ఇది, సాయంత్రం ఎండ పడమటి నుంచి పడేటప్పుడు వెళ్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

ప్లాను అర్థం చేస్కోవాలంటే మధ్య గదిలోంచి మూల గదుల్లోకి నడవండి. మధ్య ఎనిమిది ముఖాల గది, దాని చుట్టూ ఎనిమిది గదులు, నాలుగు మూలల్లో నాలుగు, వైపుల్లో నాలుగు, దీన్ని హష్త్ బిహిష్త్ ప్లాను అంటారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారులుంటాయి, మధ్య గదిలోకి రాకుండానే చుట్టూ తిరిగి రావచ్చు. పిల్లలుంటే వాళ్ళకీ ఆట, మీరు ఒక మూల గదిలో నిలబడి వాళ్ళని చుట్టూ తిరిగి రమ్మనండి, ప్లాను వాళ్ళకే ముందు అర్థమవుతుంది. తాజ్ లోపలా ఇదే ప్లాను గాని అక్కడ జనాన్ని తోలేస్తుంటారు, తెలీదు.

స్టెప్ 10: ఇక్కడ ఇంకా ఎవరెవరున్నారు

మూల గదుల్లో, అరుగు మీద, కింద గదుల్లో కలిపి మొఘల్ కుటుంబం వాళ్ళవి వందకు పైగా సమాధులు. కట్టించిన బేగా బేగం, అక్బర్ తల్లి హమీదా బాను బేగం, తర్వాతి చక్రవర్తులు జహందర్ షా, ఫరూఖ్‌సియర్, రెండో ఆలంగీర్, వీళ్ళంతా ఇక్కడే. మన గోల్కొండలో ఒక్కో సుల్తానుకి ఒక్కో గుమ్మటం, ఇక్కడ ఒక్క గుమ్మటం నీడలో వంశమంతా సర్దుకుంది. చివరి కాలపు రాజులకి వేరే సమాధి కట్టుకునే డబ్బూ లేదు, బతికున్నన్నాళ్ళు కుర్చీ నిలుస్తుందన్న నమ్మకమూ లేదు.

దారా షికోహ్ కూడా ఇక్కడే. షాజహాన్ పెద్ద కొడుకు, ఉపనిషత్తులు పర్షియన్‌లోకి తర్జుమా చేయించినవాడు, 1659లో తమ్ముడు ఔరంగజేబు చంపించాడు. చాలా సమాధుల మీద పేర్లు లేవు కాబట్టి ఆయనది ఏదో తేల్చడానికి 2020లో కేంద్రం ఒక కమిటీ వేసింది. గైడు ఎవరైనా వేలు పెట్టి "ఇదే దారాది" అని గట్టిగా చెప్తే ఊఁ కొట్టి ఊరుకోండి.

1857 తిరుగుబాటు కథ కూడా ఇక్కడే ముగిసింది. సెప్టెంబర్‌లో ఢిల్లీ బ్రిటిష్‌వాళ్ళ చేతికి చిక్కాక చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ వచ్చి దాక్కున్నది ఈ సమాధిలోనే, బ్రిటిష్ ఆఫీసర్ హాడ్సన్ వచ్చి లొంగదీసుకున్నాడు, మర్నాడు ముగ్గురు రాజకుమారుల్ని ఇక్కడి నుంచే తీస్కెళ్ళి దారిలో ఖూనీ దర్వాజా దగ్గర కాల్చేశాడు. జఫర్‌ని రంగూన్ పంపేశారు, 1862లో అక్కడే పోయాడు, పూర్వీకుల పక్కన చోటు ఆయనకి దక్కలేదు.

స్టెప్ 11: దిగాక

అరుగు దిగి ఆగ్నేయం మూలకి నడిస్తే తోటలోనే ఒక చిన్న చదరపు సమాధి, నాయీ కా గుంబద్, మంగలి సమాధి అని పిలుస్తారు, 1590 నాటిది. చక్రవర్తి తోటలో చోటు దొరికిందంటే మామూలు మనిషి కాదు, గడ్డం మీద కత్తి పెట్టనిచ్చేంత నమ్మకం మరి. అక్కడ్నుంచి వెనక్కి తిరిగి పెద్ద సమాధిని చూస్తే రెండు గుమ్మటాలూ ఒకే ఫ్రేములో పడతాయి, పడమటి గేటు ఫోటో కన్నా ఇది బావుంటుంది, పైగా అందరి దగ్గరా ఉండదు. ఓపికుంటే తూర్పు గోడ మధ్యలో బారాదరి (చుట్టూ ద్వారాలున్న మంటపం), ఉత్తరం గోడలో హమామ్ (స్నానాల గది) చూడండి, లేకపోతే పర్లేదు.

స్టెప్ 12: మిగతా రోజు

పక్కనే సుందర్ నర్సరీ, వేరే టికెట్. చెట్లు, చిన్న చిన్న మొఘల్ కట్టడాలు, కూర్చుని తినడానికి చోటు, పిల్లలతో వెళ్తే మధ్యాహ్నం అక్కడ గడిపెయ్యండి. మథురా రోడ్డు మీదే కాస్త కిందకి వెళ్తే అబ్దుల్ రహీం ఖాన్-ఇ-ఖానాన్ సమాధి, హిందీ పాఠాల్లో దోహాలు చదివాం కదా, ఆ రహీమే. ఆయన తన భార్య కోసం కట్టించిన సమాధి అది. దాని పాలరాయి 18వ శతాబ్దంలో ఊడబెరికి సఫ్దర్‌జంగ్ సమాధికి వాడారు. ఈసా ఖాన్, హుమాయూన్, రహీం, ఈ మూడూ ఒకే రోజు ఈ వరసలో చూసి మర్నాడు ఆగ్రా వెళ్ళండి, తాజ్ దగ్గర గైడు అక్కర్లేదు. ఒక్క తేడా మాత్రం అక్కడ వెతకండి, ఇక్కడ సమాధి తోట నడిమధ్యలో ఉంది, తాజ్‌లో తోట చివరికి, నది ఒడ్డుకి జరిపేశారు, నాలుగు మూలలా మినార్లు కొత్తగా పెట్టారు.

గురువారం సాయంత్రమైతే రోడ్డు దాటి నిజాముద్దీన్ దర్గాకి వెళ్ళొచ్చు, కవ్వాలీ ఉంటుంది. తల మీద కప్పుకోడానికి కర్చీఫో చున్నీయో ఉంచుకోండి, చెప్పులు విప్పాలి, పర్సు ముందు జేబులో పెట్టుకోండి. ఆ గల్లీల్లోకి కారు వెళ్ళదు, మెయిన్ రోడ్డు మీదే దిగి నడవాలి.